తలకో పోగు

ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. ఒకే మాటకు ఎన్ని అర్థాలుంటాయో నేర్పే పాఠం ఒకటుంది మా పుస్తకంలో. ఆ పాఠానికి ‘హెడ్’ అనే మాటను ఏరుకున్న మహానుభావుడెవరో గానీ, ఇబ్రహీంపట్నంలో మా వాడకు ఒక్కసారి వచ్చి ఉంటే పాఠం ఇంకాస్త పొడవయ్యేది. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా మా వాడలో ఈ మాటను ధారాళంగా వాడతారు. శనివారం చేసేది హెడ్ బాత్. బండి పట్టుకుపోతే బతిమాలుకోవలసింది హెడ్ కానిస్టేబుల్‌ని. ఇక నాకున్నది హెడ్ వెయిట్. ఈ చివరిది మా అమ్మ మైసమ్మ నాకిచ్చిన బిరుదు. నేను డిగ్రీ పాసైనప్పటి నుంచీ నాతోనే ఉండేది. రెండేళ్ళ కింద దాన్ని నా మీద నుంచి తీసి మా మరదలు కరుణకు తగిలించింది.

కరుణ మా పెద్ద తమ్ముడు రాంచందర్ భార్య. రెండేళ్ళ కింద ఒకరోజు తెల్లవారకముందే వాడు చేపల బుట్ట బండికి కట్టుకుని సాగర్ రోడ్డు మీద మార్కెట్‌కు పోతుంటే ఎదురుగా లారీ వచ్చింది. దానికి ఒక పక్క హెడ్‌లైటే వెలుగుతోంది. మోటార్‌సైకిల్ అనుకుని పక్కనుంచి పోబోయాడు మా తమ్ముడు. ఆ లారీ ఎవరిదో ఇవాళ్టికీ తెలియలేదు. కరుణకు మిగిలింది భవిత అనే చిన్న కూతురు, మా అమ్మ, గోడకు వేలాడే నీలం వల.

మాది చేపలు పట్టే కులం. పెద్దచెరువులో చేపల మీద హక్కు మా సంఘానిది. సంఘంలో ఇంటికి ఒక్కరికే సభ్యత్వం. మా ఇంటి సభ్యత్వం మా బాపు సోమయ్య తర్వాత రాంచందర్‌కు వచ్చింది. రాంచందర్ తర్వాత ఎవరికి రావాలన్నదే ఈ కథ.

ఎండాకాలం నీళ్ళు తగ్గాక సంఘంలోని వాళ్ళంతా కలిసి పెద్ద వల లాగుతారు. దొరికిన చేపలను కట్ట మీద వరుసగా పోగులు పెడతారు, సభ్యుడికి ఒకటి. దాన్ని తలకో పోగు అంటారు. అన్నిటికంటే పెద్ద చేప మాత్రం పోగుల్లో కలవదు. దాని మొండెం కట్టమైసమ్మ గుడి దగ్గర వండుకుంటారు. తలకాయ కులపెద్ద ఇంటికి పోతుంది. అది ఆయనకు మర్యాద.

ఒక్క సందర్భంలోనే కులపెద్ద ఆ తలకాయ తన ఇంటికి పంపించుకోడు. ఆ ఏడు ఏదైనా తగువు నడుస్తుంటే, అన్యాయమైందని అరిచేవాడికి తన చేతులతో దాన్ని అందిస్తాడు. తీసుకోకపోతే తగువు నిలిచే ఉంటుంది. తీసుకుంటే మాత్రం ముగిసినట్టే. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తితే అతని గడప ఎవరూ తొక్కరు, పెళ్ళికి రారు, చావుకూ రారు. చిన్నప్పుడు మా బాపు భుజాల మీద కూర్చుని చూశాను, ఇస్తారి అనే ఆయన ఏడుస్తూ తలకాయ అందుకోవడం. ఆయన వల ఎవరో కోసేశారు. కోసింది ఎవరో కట్ట మీద ఉన్న అందరికీ తెలుసు. ఇస్తారికి ఏమిచ్చారని ఇంటికి పోతూ అడిగితే బాపు, "తలకాయ పట్టిండు బిడ్డ. ఇగ మాట లేదు" అన్నాడు. ఇస్తారి బతికినన్నాళ్ళూ వల మాట ఎత్తలేదు.

తర్వాత చెరువు ఎండిపోయింది. ఏళ్ళ తరబడి అందులో పిల్లలు క్రికెట్ ఆడారు. మగవాళ్ళు తాపీ పనికి, ఆటోలకు పోయారు. మా చిన్న తమ్ముడు తిరుమల్ హయత్‌నగర్‌లో బండ్ల షోరూములో చేరి అక్కడే కాపురం పెట్టాడు. మళ్ళీ నీళ్ళొచ్చి చేపలు పెరిగాక కూడా పెద్ద వల లాగేటంత పంట చాలాకాలం రాలేదు. కరుణ మా ఇంటికి కోడలుగా వచ్చింది ఆ ఎండిన కాలంలోనే. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి పల్లె ఆమెది, పుట్టింటివాళ్ళు పొలం కూలీలు. తలకాయతో తగువు ముగించే సంగతి ఆమెకు తెలిసే అవకాశం లేదు. అయినా మా ఆడవాళ్ళ పని చేపలు అమ్మడం వరకే. కట్ట మీద మాటలు కట్ట మీదే ఉంటాయి.

రాంచందర్ పోయిన మూడో నెలలో కరుణ ఆ నీలం వల భుజాన వేసుకుని చెరువుకు పోయింది. థర్మకోల్ తెప్ప మీద కూర్చోవడం చేతగాక నీళ్ళలో పడింది. కట్ట మీద మగవాళ్ళు నవ్వారు. కులపెద్ద నారయ్య ఒక్కడే నవ్వలేదు. మేమంతా పెద్దబాపు అని పిలిచే మనిషి. ఆయనే ఆమెకు తెప్ప మీద బరువు ఎటు వేయాలో చూపించాడు, తెగిన వల కన్ను ఎలా అల్లాలో నేర్పాడు. "నీ మొగడు గూడ మొదటి దినం గిట్లనే పడ్డడు" అని చెప్పాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు కరుణ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఏడాది తిరిగేసరికి మగవాళ్ళతో సమానంగా పట్టడం మొదలుపెట్టింది. అప్పుడు నవ్వులు ఆగిపోయి సణుగుడు మొదలైంది. చిన్న చిన్న వలలు కలిసి వేసిన రోజుల్లో పంపకం దగ్గర ఆమెకు సగం పోగు పెట్టేవాళ్ళు, దయతో. కరుణ దాన్ని ముట్టేది కాదు.

"నేను నీళ్ళల్ల సగమే దిగిన్నా?" అని అడిగేది.

సమాధానం ఎవరి దగ్గరా లేదు. అందుకే హెడ్ వెయిట్ అన్నారు.

మా సంఘానికి అధ్యక్షుడు ఐలేష్, మా బాబాయి కొడుకు, నాకు అన్న అవుతాడు. అధ్యక్షుడు అనిపించుకోవడం అతనికి నచ్చదు, హెడ్ అనాలి. ఈ ఏడు పెద్ద వల లాగుదామని నిర్ణయించాక, రాంచందర్ స్థానంలో తన పేరు ఎక్కించమని అడగడానికి కరుణ అతని ఇంటికి పోయింది. తోడుగా నేనూ పోయాను.

"ఇంటికి ఒక్క హెడ్డే కరుణా" అన్నాడు ఐలేష్, కుర్చీలో వెనక్కి వాలి. "మీ ఇంటి హెడ్ ఎవలో ముందుగాల మీరు తేల్చుకోండ్రి."

"తేల్చుకునేది ఏమున్నది బావ. ఇల్లు నేను నడుపుతున్న గద."

"నడిపేది వేరే, హెడ్ వేరే."

"అన్నా, మొగడు సచ్చిపోతే భార్యకు ఇయ్యాలె. నువ్వేంది కొత్తగ జెప్తున్నవ్?" అన్నాను నేను.

ఐలేష్ నా వైపు తిరిగి చాలా మర్యాదగా నవ్వాడు. "నువ్వు ఇచ్చిన ఆడపిల్లవు అనురాధ. నీ ఇంటి హెడ్ జైపాల్. ఆయనకు మా చెరువుతోని ఏం పని?"

జైపాల్ మా ఆయన. పాపం, ఆయనకు చేపల వాసనే పడదు.

అసలు అడ్డు ఐలేష్ కాదని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అమ్మ ఇంటికి పోయాను. పొయ్యి దగ్గర కూర్చుని చింతపండు పిసుకుతోంది.

"కరుణ పేరు ఎక్కియ్యమని నువ్వొక్క మాట అంటే అయిపోతది గదనే" అన్నాను.

"ఎట్లంట?" అంది అమ్మ. "ఇంక వయసున్న మనిషి. రేపు ఎవన్నన్న జేసుకొని పాయెననుకో. మీ బాపు పోగు వానింటికి పోతది."

"రెండేండ్లాయె. యాడికి పోయింది?"

"పోయినంక మొత్తుకుంటే ఏమొస్తది. కొడుకుంటే మాట వేరే. ఉన్నది ఆడపిల్లనాయె."

"నేను ఆడపిల్లనే గద అమ్మా."

"అందుకే అంటున్న" అంది అమ్మ. "నువ్వు పోలేదా?"

ఆమె చింతపండు పిప్పి బయటికి విసిరి, తిరుమల్‌కు ఫోన్ కలపమని తన ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను కలపలేదు. పక్కింటి మౌనికతో కలిపించుకుంది.

పెద్ద వల లాగిన రోజు మాకు ఒంటిపూట బడి. బడి వదిలాక నేను చెరువుకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అంతకుముందు జరిగింది తర్వాత తెలుసుకున్నాను. తెల్లవారినప్పటి నుంచి కరుణ వల తాడు వదలలేదట. పెద్ద బొచ్చె చేప పడింది ఆమె లాగిన వైపే. మగవాళ్ళు ఇద్దరు పట్టుకుంటే గానీ ఒడ్డుకు రాలేదు. ఆ ఉత్సాహంలో అందరూ కరుణను మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి ఖర్చేముంది.

పోగులు పెట్టాక ఐలేష్ లేచి సోమయ్య ఇంటి సభ్యత్వం తిరుమల్‌కు రాశామని ప్రకటించాడు. తిరుమల్ హయత్‌నగర్ నుంచి బండి మీద వచ్చి కట్ట మీద బూట్లతో నిలబడి ఉన్నాడు. వాడికి ఈత రాదు. చెడ్డవాడు కూడా కాదు. ఊరికే వచ్చేదాన్ని కాదనేటంత మంచివాడు మాత్రం కాదు.

కరుణ తడి చీరతోనే లేచి నిలబడింది. తాను ఒప్పుకోనంది. జిల్లా చేపల ఆఫీసుకు పోతానంది. భర్త పోతే భార్యకు ఇవ్వాలన్న సంగతి అక్కడి సార్‌ను అడిగి వచ్చానని కూడా అంది. ఐలేష్ పోయి నారయ్య చెవిలో ఏదో చెప్పాడు. నారయ్య చాలాసేపు తల అడ్డంగా ఊపాడట. తర్వాత ఊపడం ఆపాడు.

నేను కట్ట ఎక్కేసరికి కనబడింది ఇదీ. నారయ్య పెద్దబాపు రెండు చేతుల్లో మోదుగాకులు, వాటి మీద బొచ్చె తలకాయ. ఎదురుగా కరుణ. పక్కనే మా అమ్మ.

"కరుణా, పట్టకు" అని అరిచాను. అంత దూరం నుంచి నా గొంతు ఎవరికి వినబడుతుంది. ఒకవేళ వినబడ్డా, బడి పంతులమ్మ మాట కట్ట మీద ఎవరికి కావాలి.

అమ్మ కరుణ వీపు మీద చెయ్యి వేసింది. "పట్టుకో బిడ్డ. పెద్దమనిషి ఇస్తుండు" అంది. కొడుకు పోయాక ఆమె కరుణను బిడ్డ అని పిలవడం నేను వినలేదు. కరుణ కూడా వినలేదనుకుంటాను. అత్త ముఖం వైపు ఒకసారి చూసి, కొంగు పట్టి, తలకాయ అందుకుని కళ్ళకద్దుకుంది.

కట్ట మీద చప్పట్లు మోగాయి. ఐలేష్ అన్నాడు, "అయిపోయింది. పోగులు లేపుండ్రి."

నేను దగ్గరికి చేరేసరికి కరుణ ముఖం వెలిగిపోతోంది. తడి కొంగులో ఆ తలకాయను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చూసినవా వదినా" అంది. "పెద్దబాపు ఇంటికి పోయే తలకాయ నాకిచ్చిన్రు. ఆఫీసు మాట అనంగనే ఒప్పుకున్నరు. అత్త గూడ ఒప్పుకున్నది."

ఇంగ్లీషులో ఆ మాటకు ఎన్ని అర్థాలైనా చెప్పగలను. తెలుగులో ఈ ఒక్క అర్థం ఎలా చెప్పాలో తెలియలేదు. నేను చెప్పేలోపే ఆమె పోగుల వరుస వైపు చూసింది. మా ఇంటి పోగును తిరుమల్ గోనెసంచిలో వేసుకుంటున్నాడు, బూట్లకు నీచు అంటకుండా వంగి.

"తిరుమల్, ఆడ పెట్టు. ఇంటికి నేను పట్టుకపోత" అంది కరుణ.

"ఇంటికి గాదు వదినా, మార్కెట్ల ఇచ్చిపోత. నాది గద" అన్నాడు వాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

కరుణ నారయ్య వైపు తిరిగింది. "పెద్దబాపూ, ఏందిది?"

నారయ్య నేల వైపు చూస్తూ చెప్పాడు. "తలకాయ పట్టినవ్ గద బిడ్డ. ఇగ మాట లేదు."

"అంటే?"

అది చెప్పే పని కూడా నాకే పడింది. రెండు ముక్కల్లో చెప్పాను. విన్నంతసేపూ ఆమె నన్ను కాదు, తనకు తెప్ప నేర్పిన ముసలాయన్ని చూస్తూనే ఉంది. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మళ్ళీ తుడుచుకున్నాడు.

"వాపస్ ఇస్తే?" అంది.

"ఇచ్చుడు లేదమ్మా" అన్నాడు ఐలేష్. గొంతులో జాలి బాగానే పలికించాడు.

"నాకెవలు చెప్పలే." అని, మెల్లగా అమ్మ వైపు తిరిగింది. "అత్తా, నీకు ఎరుకేనా?"

మా అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "ఎండ ముదిరింది. ఇంటికి పోదాం నడువు" అంది.

మా అమ్మను నేను అసహ్యించుకున్న క్షణం అదే. ఇప్పటికీ ఆ అసహ్యం అక్కడే ఉంది. కొంచెం కూడా కరగలేదు.

దారిలో కరుణతో చెప్పాను, ఈ చెత్త ఆచారం ఎవడు పట్టించుకుంటాడు, రేపే ఆఫీసుకు పోదాం, కాగితం నేను రాస్తానని.

"పోతే?" అంది కరుణ. "నాకు రేపు ఏమన్న అయితే భవితను చూసేది ఈ వాడనే గద వదినా. మా ఇంటికి ఎవలు రాకపోతే పిల్ల ఏమైతది?" రాంచందర్ పోయిన రోజు మా వాకిట్లో ఎంతమంది కూర్చున్నారో ఆమెకు గుర్తుంది. నాకూ గుర్తుంది.

ఆ తలకాయను సాయంత్రం ఆమే వండింది. అల్లం, మెంతులు వేసి పులుసు పెట్టింది. తిరుమల్ రెండుసార్లు పోయించుకుని, మస్తుందన్నాడు. అమ్మ మొప్పల పక్క మెత్తటి ముక్క ఏరి భవిత కంచంలో వేసింది. నేను ముట్టలేదు. కరుణ తిన్నది. పని చేసిన మనిషికి ఆకలి ఉంటుంది. తింటూ తింటూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. భోజనాలయ్యాక తిరుమల్ చేతులు తుడుచుకుంటూ ఒక ప్రతిపాదన పెట్టాడు. తనకు హయత్‌నగర్ నుంచి రోజూ రావడం కుదరదట. కాబట్టి ఎప్పటిలాగే వదిన చెరువుకు పోవచ్చట. పోగు తనది, ఆమెకు కూలి ఇస్తాడట. అంతకంటే న్యాయం ఉండదన్నట్టు అమ్మ తల ఊపింది. కరుణ గిన్నెలు ఎత్తి బయటికి పోయింది.

వారం తర్వాత పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. కరుణ చెరువుకు పోనన్నదని తిరుమల్ ఇంకెవరినో మనిషిని మాట్లాడుకున్నాడట, వల కోసం వచ్చాడట, గోడకు వల లేదట. "నీ మరదలు అమ్ముకున్నదో ఏమో, దానికి హెడ్ వెయిట్ దిగలే" అంది. నేను ఫోన్ పెట్టేసి బడికి బయల్దేరాను.

చౌరస్తాలో కూలీల అడ్డా దగ్గర ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఆదిభట్ల దిక్కు లేస్తున్న అపార్ట్‌మెంట్లకు మనుషులను తీసుకుపోయేది. వెనక నిలబడ్డవాళ్ళలో కరుణ కనబడింది. చేతిలో చుట్టబట్ట ఉంది, తట్ట మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునేది. పాత చీర పేలిక చుట్టి ఉన్నా, అంచుల్లోంచి నీలం నైలాన్ దారాలు బయటికి కనబడుతున్నాయి. వల కోసి చుట్టింది. రాంచందర్ వల, ఆమె కన్ను కన్ను అల్లుకున్న వల.

నేను చుట్టబట్ట వైపు చూడటం గమనించింది. "గుచ్చుకుంటది వదినా" అంది మామూలుగా. "అలవాటైతది."

మేస్త్రీ ఫోన్ చెవిన పెట్టుకుని వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నాడు. "అవ్ సార్, హెడ్లు దొరికిన్రు. ఆడ హెడ్లు గూడ ఉన్నరు" అంటున్నాడు. వేలు కరుణ దగ్గరికి వచ్చింది. ఆమెను లెక్కలో కలుపుకుని ముందుకు పోయింది.

"ఈడ మంచిగున్నది" అంది కరుణ. "ఇంటి పెద్ద ఎవలని అడగరు."

"కూలి మగవాళ్ళతో సమానంగ ఇస్తరా?" అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

కరుణ చుట్టబట్టను నెత్తి మీద సర్దుకుని చూసుకుంది, తీసింది. "సగం కంటె జర ఎక్కువ" అంది. "మరి తట్ట గూడ సగమే నింపుతవా అని అడిగిన మేస్త్రీని. మస్తు నవ్విండు."

ట్రాలీ కదిలింది. ఆమె పక్క కడ్డీని పట్టుకుని, మరో చేత్తో చుట్టబట్టను పొట్టకు అదుముకుంది. ఆ రోజు ఆరో తరగతికి నేను చెప్పవలసింది ఆ పాఠమే. బోర్డు మీద ‘హెడ్’ అని రాసి, అర్థాలు మీరే రాసుకోండని పిల్లలకు చెప్పి, కిటికీ దగ్గర నిలబడ్డాను.